టోపీల పిచ్చీ, తాత ప్రశ్నా

కొందరికి స్టాంపుల పిచ్చి, కొందరికి పాత నాణేల పిచ్చి, మా ఆఫీసులో ఒకాయనకైతే పనిచేయని క్యాలిక్యులేటర్ల పిచ్చి. నాకు టోపీల పిచ్చి. అన్ని టోపీలూ కాదు లెండి, పాత జర్మన్ మిలిటరీ టోపీలు మాత్రమే. కళ్ళ మీదికి వంగిన నల్లటి నిగనిగలాడే అంచు, తల చుట్టూ రంగుపట్టీ, ముందువైపు ఎత్తుగా లేచిన పైభాగం... యుద్ధం సినిమాల్లో జర్మన్ ఆఫీసర్లు పెట్టుకుంటారే, అవి. జర్మన్లు షిర్మ్‌మ్యుట్సె అంటారు. మా ఆవిడ "మీ పోలీసు టోపీలు" అంటుంది. ప్రస్తుతానికి ఇరవై మూడు వున్నాయి. ఇరవై నాలుగోది వస్తే దానితో పాటు నేనూ బయటికి పోవాలని ఇంట్లో ఒప్పందం.

టోపీలు సేకరిస్తానని చెప్తే తెలుగువాళ్ళు ముందు నవ్వుతారు. నవ్వరూ మరి? మన భాషలో టోపీ పెట్టడమంటే మోసం చేయడం. చిట్టీల వాడు డబ్బుతో పారిపోతే "కుచ్చుటోపీ పెట్టాడు" అంటాం. ఆ కుచ్చుటోపీ ఏంటో ఎప్పుడైనా ఆలోచించారా? నిజాం కాలం నాటి ఫోటోల్లో కనిపిస్తుందే, కుచ్చు వేలాడుతూ వుండే రూమీ టోపీ, అదే. టోపీకీ మనకీ వున్న లెక్క ఆ మాటలోనే కొంత వుంది. మిగతా లెక్క మా తాత చెప్పాడు. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు నా వూరి గురించి రెండు ముక్కలు. మాది దౌల్తాబాద్. ఈ పేరు చెప్పగానే "ఓ, తుగ్లక్ రాజధాని మార్చిన వూరా!" అంటారు. కాదండీ బాబూ, అది మహారాష్ట్రలో వున్న దేవగిరి. ఇంకొంచెం తెలిసినవాళ్ళు "సిద్దిపేట జిల్లాలోదా?" అంటారు. అదీ కాదు. మాది వికారాబాద్ జిల్లా, తాండూరు, కొడంగల్ వైపు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో వున్నాం. ఇంకా వెనక్కి వెళితే, 1956లో రాష్ట్రాలు మళ్ళీ ఏర్పాటయ్యేదాకా మా కొడంగల్ ప్రాంతం గుల్బర్గా జిల్లాలో వుండేది. మా వూరు వున్నచోటే వుండి మూడు జిల్లాలు చూసింది. తుగ్లక్ కూడా ఇన్నిసార్లు మార్చలేదు :) ఈ గుల్బర్గా సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నాపరాళ్ళు, కందిచేలు, ఎండలు తప్ప ఇంకేమీ ఎరగనివాడికి జర్మన్ టోపీలతో పనేంటి అంటారా? ఇంకేముంది, ఆన్‌సైట్. 2007లో మ్యూనిక్‌లో పద్దెనిమిది నెలలు. శని, ఆదివారాలు ఏం చేయాలో తెలిసేది కాదు. ఆదివారం వాళ్ళకి షాపులు మూసే వుంటాయి. కానీ పాతసామాన్ల సంతలు జరుగుతాయి. మన హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ లాంటివే, కాకపోతే బేరం తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ. అక్కడ ఒక ముసలాయన దగ్గర పదిహేను యూరోలకి మొదటి టోపీ కొన్నాను. బూడిదరంగు, ముందు సుత్తి, వృత్తలేఖిని, చుట్టూ ధాన్యపు వెన్నుల గుర్తు. తూర్పు జర్మనీ సైన్యానిది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ సైన్యం దేశంతో సహా మాయమైపోయింది. 1990 అక్టోబర్ 3న రెండు జర్మనీలు కలిసిపోయాయి. ముందురోజు దాకా వేలాదిమంది సైనికులున్న వ్యవస్థ, తెల్లారేసరికి లేదు. కానీ గోదాముల్లో టోపీలు మిగిలాయిగా! అవన్నీ బెర్లిన్‌లో చెక్‌పాయింట్ చార్లీ దగ్గరా, బ్రాండెన్‌బుర్గ్ గేటు దగ్గరా టూరిస్టులకి అమ్ముడుపోయాయి. ఒక దేశం మూతపడితే దాని టోపీ ఎంతకి పోతుంది? నేనిచ్చింది పదిహేను యూరోలు. కంపెనీ మూతపడితే లోగో వున్న టీషర్టులు ఏమవుతాయో చూసినవాళ్ళం కాబట్టి మనకి ఇది తొందరగానే అర్థమవుతుంది.

అక్కడి నుంచి వెనక్కి వెళ్ళడం మొదలైంది. తూర్పు జర్మనీ నుంచి రెండో ప్రపంచ యుద్ధం, అక్కడి నుంచి మొదటి యుద్ధం. చదివేకొద్దీ ఇది ఎంత పద్ధతి ప్రకారం డిజైన్ చేసిన వస్తువో తెలిసింది. మొదటి యుద్ధం నాటి టోపీకి ముందు రెండు గుండ్రటి గుర్తులుంటాయి. పైది సామ్రాజ్యానిది, నలుపు-తెలుపు-ఎరుపు. కిందిది సైనికుడి సొంత రాజ్యానిది. ప్రష్యావాడికి నలుపు-తెలుపు, బవేరియావాడికి తెలుపు-నీలం. అంటే టోపీ చూస్తే దేశమూ తెలుస్తుంది, రాష్ట్రమూ తెలుస్తుంది.

రెండో యుద్ధం నాటి సైన్యం టోపీల్లో ఇంకా వివరం వుంటుంది. అంచుల వెంట సన్నటి రంగు కుట్టు వుంటుంది చూడండి, అది అలంకారం కాదు, డేటా. తెలుపైతే కాల్బలం, ఎరుపైతే ఫిరంగి దళం, గులాబీ అయితే ట్యాంకులు, బంగారు పసుపు అశ్వికదళం, నిమ్మపసుపు సిగ్నల్స్, నలుపు ఇంజనీర్లు, నీలం వైద్యులు. గడ్డం పట్టీ నల్లటి తోలుదైతే మామూలు సైనికుడు, మెలితిరిగిన వెండిరంగు తాడైతే ఆఫీసరు, బంగారు రంగైతే జనరల్. ఇరవై అడుగుల దూరం నుంచి ఒక మనిషి డిపార్ట్‌మెంటూ, గ్రేడూ చదివేయొచ్చు. మన బ్యాడ్జీలు ఇప్పటికీ ఆ పని చేయలేవు, మెడలోది తిరగబడి వెనకవైపే కనిపిస్తూ వుంటుంది.

లోపల మరో ప్రపంచం. నుదురు తగిలేచోట తోలుపట్టీ, పైన సిల్కు లాంటి లైనింగు, దాని మీద చెమట పట్టకుండా పారదర్శకంగా వుండే సెల్యులాయిడ్ ముక్క. దాని కింద తయారీదారు ముద్ర. బెర్లిన్‌లో రాబర్ట్ లుబ్‌స్టైన్ అనే తయారీదారు తన పేరులోని ఆర్, ఎల్ అక్షరాలనే కలిపి 'ఎరెల్' అని బ్రాండ్ పెట్టుకున్నాడు. ఈ ముద్రంటే సేకరించేవాళ్ళు పడిచస్తారు. అసలైనవి వందల యూరోల నుంచి వేలదాకా పోతాయి. ధర వున్నచోట దొంగసరుకు వుండదా? బోలెడు. అందుకే అందరి దగ్గరా ఒక చిన్న అతినీలలోహిత టార్చి వుంటుంది. యుద్ధం తర్వాత వచ్చిన సింథటిక్ దారాలు, బట్టల సబ్బుల్లో కలిపే తెల్లదనం రసాయనాలు దాని కింద మెరుస్తాయి. మెరిసినంత మాత్రాన దొంగదని కాదు, ఎవరో పాతదాన్నే తర్వాత ఎప్పుడో వుతికి వుండొచ్చు. మెరవనంత మాత్రాన అసలుదనీ కాదు. ఒక్క టెస్టు పాసైందని కోడ్ సరైనదని చెప్పలేం కదా, అలాగే.

ఇక్కడిదాకా అంతా సరదాయే. ఇప్పుడు అసలు సంగతి.

జర్మనీ సంతల్లో రెండో యుద్ధం నాటి టోపీలు చూస్తే అన్నిటికీ ఒకచోట చిన్న స్టిక్కర్ అంటించి వుంటుంది. ముందు వుండే గద్ద కాళ్ళ దగ్గర. గద్ద కాళ్ళలో నాజీ స్వస్తిక వుంటుంది. దాన్ని కప్పేస్తారు. వాళ్ళ శిక్షాస్మృతిలో 86ఎ అని ఒక సెక్షన్ వుంది. నిషేధించిన సంస్థల చిహ్నాలని బహిరంగంగా వాడితే, ప్రచారం చేస్తే మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా. చదువు, పరిశోధన, కళ, చరిత్ర చెప్పడం లాంటివాటికి మినహాయింపు వుంది. ఇంట్లో బీరువాలో వుంచుకోవడం నేరం కాదు. నలుగురిలో చూపించడంతోనే సమస్య.

నెట్‌లో ఈ గొడవ ఇంకా పెద్దది. మన ఫీల్డువాళ్ళు తెలుసుకోవలసిన కేసు ఒకటుంది. 2000లో ప్యారిస్ కోర్టులో యాహూ మీద కేసు వేసారు. యాహూ వేలంలో నాజీ వస్తువులు ఫ్రాన్సు వాళ్ళకి కూడా కనిపిస్తున్నాయి, ఫ్రాన్సు చట్టం ఒప్పుకోదు అని. "సర్వర్లు అమెరికాలో వున్నాయి, ఎవడు ఎక్కడి నుంచి చూస్తున్నాడో మాకెలా తెలుస్తుంది?" అన్నది యాహూ వాదన. కోర్టు ముగ్గురు నిపుణుల్ని అడిగింది. అందులో ఒకరు ఇంటర్నెట్ పితామహుల్లో ఒకడైన వింట్ సెర్ఫ్. ఐపీ అడ్రసు చూసి ఫ్రాన్సు వినియోగదారుల్లో దాదాపు 70 శాతం మందిని గుర్తించొచ్చనీ, దేశం ఏదో వాళ్ళనే అడిగితే 90 శాతం దగ్గరికి వెళ్ళొచ్చనీ తేలింది. నిలిపేయమని కోర్టు 2000 నవంబర్‌లో తీర్పిచ్చింది. 2001లో యాహూ ఆ వస్తువుల్ని తీసేసింది. అదే ఏడాది ఈబే కూడా నాజీ గుర్తులున్న సరుకుని నిషేధించింది. ఇవాళ "ఈ వీడియో మీ దేశంలో అందుబాటులో లేదు" అని చూసి మనం విసుక్కుంటామే, ఆ తరహా ఆలోచన కోర్టుదాకా వెళ్ళిన తొలిరోజుల్లో దాని వెనక వున్నవి ఈ టోపీల్లాంటి సామాన్లే.

నేనూ కొన్ని గీతలు గీసుకున్నాను. మ్యూనిక్ నుంచి డాఖావు లోకల్ రైల్లో వెళ్ళేంత దగ్గర. నాజీలు 1933 మార్చిలో తెరిచిన తొలి నిర్బంధ శిబిరాల్లో ఒకటి అక్కడిది. ఒక ఆదివారం సంతకి బదులు అక్కడికెళ్ళాను. శిబిరాన్ని కాపలా కాసిన ఎస్‌ఎస్ వాళ్ళ టోపీ మీద కపాలం గుర్తుంటుంది. అది ఎంత అపురూపమైనా, ఎంత చవకగా వచ్చినా కొనకూడదని ఆ రోజే అనుకున్నాను. ఇరవై మూడింట్లో ఎస్‌ఎస్‌ది గానీ, నాజీ పార్టీది గానీ ఒక్కటీ లేదు.

సేకరించేవాళ్ళలో ఎక్కువమంది ఇలాంటి గీతే గీసుకుంటారు. "ఎస్‌ఎస్ వాళ్ళు హంతకులు. మామూలు సైన్యం వాళ్ళు పాపం దేశం కోసం పోరాడిన సైనికులు" అని. వినడానికి బాగుంటుంది. కానీ చరిత్ర అంత నీటుగా లేదు. హాంబుర్గ్ సామాజిక పరిశోధన సంస్థ 1995లో జర్మన్ సైన్యం చేసిన నేరాల మీద ఒక ప్రదర్శన మొదలుపెట్టి వూరూరా తిప్పింది. 1997లో మ్యూనిక్ వచ్చినప్పుడు పెద్ద గొడవ. మా నాన్న అలాంటివాడు కాదు, మా తాత అలాంటివాడు కాదు అని. కొన్ని ఫోటోల కింది వివరాలు తప్పని తేలితే 1999లో ఆపేసి, సరిచేసి 2001లో మళ్ళీ పెట్టారు. అసలు విషయం మాత్రం మారలేదు. జర్మన్ సైన్యానికి చిక్కిన సోవియట్ సైనికులు సుమారు 57 లక్షలు. అందులో 33 లక్షల మంది దాకా ఆకలితో, చలితో, రోగాలతో, తూటాలతో పోయారు. ఆ బందీలు వున్నది ఎస్‌ఎస్ చేతిలో కాదు, ఎక్కువగా మామూలు సైన్యం చేతిలోనే. కాబట్టి నా ఎర్రకుట్టు టోపీ కపాలం టోపీ కాదన్నది నిజమే గానీ, అంతమాత్రాన అది కడిగిన ముత్యమూ కాదు.

మనదేశం వచ్చాక చూస్తే ఇవేవీ ఎవరికీ పట్టవు. ఇంటికొచ్చిన ప్రతివాడూ "హిట్లర్ టోపీయా? సూపర్!" అనేవాడే. మనకి హిట్లర్ అంటే స్ట్రిక్టుగా వుండే మనిషి. మా లెక్కల మాస్టారు హిట్లర్, మా మేనేజర్ హిట్లర్. 1997లో చిరంజీవి సినిమా పేరే హిట్లర్, అందులో ఆయన చెల్లెళ్ళని కంటికి రెప్పలా కాచే అన్నయ్య! ఫుట్‌పాత్ మీద ఆయన ఆత్మకథ వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కన అమ్ముతారు. 60 లక్షల మంది యూదుల్ని చంపించిన వాడి పేరు మనకి ఒక ముద్దుపేరు. ఇది మన దుర్మార్గం అనను, దూరం. మంట మన ఇంటిదాకా రాలేదు, అంతే. గడప మీదా, కొత్త ఖాతాపుస్తకం మీదా పసుపుతో వేసుకునే స్వస్తిక వేరు, వాడు ఏటవాలుగా తిప్పి జెండాకెక్కించింది వేరు అని జర్మన్ కొలీగ్స్‌కి ఓపిగ్గా చెప్పిన మనమే, వాళ్ళు ఆ గుర్తుని చూసి ఎందుకు ఉలిక్కిపడతారో తెలుసుకోవడానికి అంత ఓపిక చూపించం.

నిజానికి మంట పూర్తిగా రాలేదనీ చెప్పలేం. హైదరాబాదువాడే ఆబిద్ హసన్, జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతూ సుభాష్ చంద్రబోస్ వెంట నడిచాడు. 'జైహింద్' ఆయన ఇచ్చిన పలకరింపేనని చెప్తారు. 1943 ఫిబ్రవరిలో బోస్‌తో పాటు కీల్ రేవులో యు-180 అనే జర్మన్ సబ్‌మెరైన్ ఎక్కి, ఏప్రిల్‌లో మడగాస్కర్ దగ్గర సముద్రం మధ్యలో జపాన్ సబ్‌మెరైన్‌లోకి మారాడు. వాళ్ళ వెనక జర్మనీలో సుమారు మూడువేల మంది భారతీయ సైనికులు మిగిలారు. ఉత్తర ఆఫ్రికాలో బందీలుగా చిక్కి, బోస్ పిలుపు మీద జర్మన్ యూనిఫాం వేసుకున్నవాళ్ళు. చేతి మీద దూకుతున్న పులి బొమ్మ, సిక్కులకి టోపీ బదులు తలపాగా. స్వాతంత్ర్యం కోసం ఆ బట్టలు వేసుకున్నారు, ప్రమాణంలో మాత్రం బోస్ పేరుతో పాటు హిట్లర్ పేరూ వుంది. 1944 ఆగస్టులో ఆ దళాన్ని ఎస్‌ఎస్ కిందికి మార్చేసారు. ఒక యూనిఫాం చూసి దాని లోపలి మనిషిని చదివేయడం ఎంత కష్టమో వీళ్ళ కథ చూస్తే తెలుస్తుంది.

సరే, ఇక తాత దగ్గరికి వద్దాం.

2014లో కంటి ఆపరేషన్ కోసం తాత దౌల్తాబాద్ నుంచి మియాపూర్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చి రెండు వారాలున్నాడు. కట్టు విప్పిన మర్నాడు హాల్లో అద్దాల బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గివి ఎవరియిరా?"

"నావే తాతా. కొన్నా."

"కొన్నవ్ సరే. ముందుగాల ఎవరియి?"

నేను హుషారుగా మొదలుపెట్టాను. ఇది బెర్లిన్‌లో కుట్టింది, ఈ ఎరుపు ఫిరంగి దళానిది, ఈ వెండితాడు ఆఫీసరుది... తాత అంతా విన్నాడు.

"కుట్టినోని పేరు అడుగుతలేను బిడ్డా. పెట్టుకున్నోని పేరు అడుగుతున్న."

నా దగ్గర జవాబు లేదు. ఈ సరదా వున్నవాళ్ళెవరిని అడిగినా ఎక్కువ భాగం టోపీలకి జవాబు వుండదు. టోపీ పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్తాం, అది కూర్చున్న తల తప్ప.

తాతే చెప్పాడు తర్వాత. 1948లో ఆయనకి తొమ్మిదేళ్ళు. రజాకార్లు వస్తున్నారని కబురు తెలిస్తే వాళ్ళమ్మ పిల్లల్ని జొన్నచేలో దాచేదట. "మొఖాలు యాదికి లేవు. ఖాకీ బట్టలు, నెత్తి మీదియి యాదికున్నయ్" అన్నాడు. ఇది మనవైపు చాలా ఇళ్ళల్లో విన్న కథే. తర్వాత చెప్పింది మాత్రం నేనెప్పుడూ వినలేదు.

మా వీధిలో ఒక దర్జీ వుండేవాడు. తాతవాళ్ళ పెళ్ళి బట్టలూ, పండగ బట్టలూ అన్నీ ఆయన కుట్టినవే. రజాకార్లతో ఆయనకి ఏ సంబంధమూ లేదు, నెత్తి మీద రూమీ టోపీ తప్ప. సెప్టెంబర్ 13న సైన్యం బయల్దేరింది, 17న నిజాం లొంగిపోయాడు. మన పుస్తకాల్లో కథ అక్కడితో అయిపోతుంది. మా వైపు అయిపోలేదు. ఆ తర్వాత ఒక రాత్రి ఆ దర్జీ భార్యాపిల్లలతో మా ఇంటికొచ్చాడట. టోపీ తీసి మా ముత్తాత చేతిలో పెట్టి, "దాచు పటేలా, మళ్ళొచ్చి తీస్కుంట" అని, నెత్తికి రుమాలు చుట్టుకుని చీకట్లో వెళ్ళిపోయాడట. మళ్ళీ రాలేదు. ఆ టోపీ చాలా ఏళ్ళు మా పాత ఇంట్లో దూలం మీద వుంది. ఎలుకలు కొట్టేసాయి. ఇల్లు కట్టించినప్పుడు మట్టితో పాటు పోయింది.

"ముందు టోపీ జూసి మేం ఉరికినం. తర్వాత టోపీ ఉన్నోళ్ళు ఉరికిన్రు" అన్నాడు తాత. ఇంకేమీ అనలేదు. దర్జీ పేరు మాత్రం రెండుసార్లు చెప్పాడు, నేను మర్చిపోకుండా. ఆ కుటుంబం వాళ్ళు ఎక్కడున్నారో, అందుకే ఆ పేరు ఇక్కడ రాయను.

ఇందాక గుల్బర్గా గుర్తుపెట్టుకోమన్నాను కదా. పోలీసు చర్య తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని అప్పటి కేంద్ర ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక కమిటీని పంపింది. రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. జనానికి అందుబాటులోకి వచ్చింది 2013లో. సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల దాకా చనిపోయి వుంటారని ఆ కమిటీ అంచనా. ఎక్కువ దెబ్బ తిన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. మా కొడంగల్ అప్పుడు ఏ జిల్లా? గుల్బర్గా. తాతకి ఆ రిపోర్టు సంగతి తెలీదు. ఆయన దగ్గర వున్నది ఒక టోపీ, ఒక పేరు.

రజాకార్ల అకృత్యాలు చిన్నవని చెప్పడానికి ఇది రాయడం లేదు. జొన్నచేలో దాక్కున్న తొమ్మిదేళ్ళ పిల్లాడే రెండో కథ కూడా చెప్పాడు. రెండూ ఆయనవే. ఒకటి చెప్పి ఒకటి మింగేయాలని ఆయనకి తోచలేదు. మనలో చాలామందికి మాత్రం ఏదో ఒక్కటే వినాలనిపిస్తుంది, ఏది అన్నది మన పేరుని బట్టి. జర్మన్ సంతలో స్టిక్కర్ అంటించిన ఆ గద్దని చూసి "ఇంత అతి ఎందుకో" అనుకునేవాళ్ళకి నేను ఈ కథే చెప్తాను. తలమీద వున్నదాన్ని బట్టి మనిషిని చంపే రోజులు ఒక దేశం చూసాక, ఆ తలమీది వస్తువు మళ్ళీ మామూలు వస్తువు కాలేదు. మా తాతకి కాలేదు, వాళ్ళకీ కాలేదు.

తాత వెళ్ళాక నా ఎక్సెల్ షీటులో ఒక కొత్త కాలమ్ చేర్చాను: "ఎవరిది?" ఇరవై మూడు వరసల్లో ఇరవై రెండింటికి "తెలియదు" అనే వుంది. ఒక్క ఎర్రకుట్టు టోపీలో మాత్రం సెల్యులాయిడ్ కింద చిన్న కాగితం ముక్క వుంది. పెన్సిల్‌తో ఒక ఇంటిపేరు, ముందు ఒక్క అక్షరం. జర్మన్ సైనిక సమాధుల సంస్థ, ఫోల్క్స్‌బుండ్, లక్షలాది పేర్లు నెట్‌లో పెట్టింది. వెతికితే ఆ ఇంటిపేరుతో పేజీల కొద్దీ మనుషులు వచ్చారు. సైనికుల రికార్డులు బెర్లిన్‌లో ప్రభుత్వ భాండాగారం దగ్గర వున్నాయి గానీ, పుట్టినతేదీ లేకుండా అడిగితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? ప్రైమరీ కీ లేని క్వెరీ. ఆ పేజీల్లో పేర్ల పక్కన చనిపోయిన తేదీలు వరసగా వున్నాయి, ఎక్కువ భాగం ఇరవై ఏళ్ళవాళ్ళు. వాళ్ళలో ఒకడో, వాళ్ళలో లేకుండా బతికి ఇంటికెళ్ళినవాడో. ఫిరంగి ఎక్కడ పేల్చాడో, ఎవరి మీద పేల్చాడో. ఆ కాగితాన్ని ఉన్నచోటే వుంచాను. ఆ వరసలో పేరు రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

మొన్నామధ్య మా బంధువుల అబ్బాయి, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, కాలేజీ ఫెస్టుకి ఒక టోపీ అడిగాడు. "మామా, ఒక్క ఫోటో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి ఇచ్చేస్తా" అని. ఇవ్వనన్నాను. "ఏం, అరిగిపోతదా?" అన్నాడు. వాళ్ళ నాన్నకి కోపం వచ్చింది, చిన్నపిల్లాడు అడిగితే ఒక టోపీ ఇవ్వలేవా అని. వాడిని కూర్చోబెట్టి డాఖావు సంగతి చెప్పాను, తలవూపాడు. దర్జీ సంగతి చెప్పాను, ఈసారి తలెత్తి చూసాడు. "మన ఊర్లనా మామా?" అన్నాడు. మన వూళ్ళోనే. ఫోటో మాట మళ్ళీ ఎత్తలేదు. వాళ్ళ నాన్న మాత్రం ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

"ఇంత బాధ పడేవాడివి అవన్నీ కాల్చి పారేయొచ్చుగా" అని మా ఆవిడ అడుగుతుంది. కాల్చను. కాలిస్తే ఆ ఒక్క పెన్సిల్ పేరు కూడా పోతుంది. దూలం మీద టోపీ పోయాక తాత నోట్లో పేరు తప్ప ఏం మిగిలింది? తాత 2019లో పోయాడు. ఆ పేరు ఇప్పుడు నా దగ్గరుంది. పెట్టుకోకుండా, ఫోటోలకి పోజులివ్వకుండా, అడిగినవాళ్ళకి పూర్తి కథ చెప్తూ వుంచుకుంటే అది సేకరణ. లేకపోతే ఫ్యాన్సీ డ్రెస్సు.

ఈ మధ్య నా వెతుకులాట జర్మనీ వైపు తగ్గి ఇంటివైపు పెరిగింది. నిజాం కాలం నాటి రూమీ టోపీ, ఆనాటి సిపాయిల తలపాగా, కొత్వాలు జవాన్లు పెట్టుకున్నవి... పాతబస్తీలో తిరుగుతున్నాను. దొరకడం లేదు. జర్మన్ టోపీకి వంద పుస్తకాలూ, కేటలాగులూ, ధరల పట్టికలూ వున్నాయి. మన తాతల నెత్తిమీది వాటికి దూలాలూ, ఎలుకలూ మిగిలాయి.

అందుకే మీకో మాట. ఈసారి వూరెళ్ళినప్పుడు అటక మీది పాత ట్రంకుపెట్టె ఒకసారి తెరవండి. నిజాం కాలం నాటిదో, తపాలా జవానుదో, రైల్వేదో, రెండో యుద్ధంలో బర్మా వెళ్ళొచ్చిన పెద్దాయనదో ఏదో ఒక టోపీ వుండే వుంటుంది. వుంటే నాకు అమ్మొద్దు, ఎవరికీ అమ్మొద్దు. ముందు ఒక చీటీ మీద అది ఎవరిదో రాసి లోపల పెట్టండి. చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఇంకా వున్నారు కదా, ఇప్పుడే అడగండి.